పాట ఎవురిది? ఆట ఎవురికి?

చెక్కకు చెక్క తగిలితే చప్పుడు రావాలి. చెక్కల్లో బిగించిన ఇత్తడి బిళ్ళలు గల్లుమనాలి. కాలి గజ్జెలు దానికి బదులు చెప్పాలి. చెక్కభజన అంటే అంతే, పెద్ద రహస్యమేమీ లేదు. ఆ మధ్యాహ్నం మా ఊరి హైస్కూలు స్టేజీ మీద పిల్లలంతా గుండ్రంగా నిలబడ్డారు. నేను మధ్యలో నిలబడి చెయ్యి ఎత్తాను. అందరూ ఒక్కసారిగా చెక్కలు కొట్టారు.

చప్పుడు రాలేదు.

చేతులు కదులుతున్నాయి. కాళ్ళు లేస్తున్నాయి. నోళ్ళు తెరుచుకుంటున్నాయి. కాళ్ళ కింద దుమ్ము కూడా లేస్తోంది. నీళ్ళ అడుగున ఆడుతున్నట్టుంది ఆట. గోడ మీద కాకి అరిచింది. అది మాత్రం బాగానే వినిపించింది.

నా చెవులు పోయాయేమో అనుకుని వేలు పెట్టి దులుపుకున్నాను. మా రోహిణి ఆట ఆపి నా చెయ్యి పట్టుకుంది. రోహిణి నా మనవరాలు, మా కూతురు నాగవేణి బిడ్డ. నా దగ్గరే ఉండి ఆ బడిలోనే చదువుతోంది.

"నీ చెవులు కాదు తాతా. పైన చూడు."

స్టేజీ పైన గోడకు నల్లటి పలక ఒకటి బిగించి ఉంది. మొన్నీమధ్యే వచ్చి బిగించిపోయారు. దాని నుదుటి మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"ఏందది?"

"కాపలాపలక. ఎవురి పాట ఎవురిదో దానికి తెలుసు. వేరేవాళ్ళ పాట వినబడితే, దానికి సరిగ్గా ఎదురు చప్పుడు పుట్టించి వదుల్తాది. రెండూ కొట్టుకొని సచ్చిపోతాయి."

"వేరేవాళ్ళది ఎట్లయితాది? ఈ పాట కట్టింది నేను గదా!"

రోహిణి చేతిలోని చెక్కలు లాక్కుని గొంతెత్తాను. 'మబ్బో మబ్బో, మా గట్టు దాటి రా, ఎండిన సాలుకు ఎదురుగ నడిచి రా.' వానలు మొహం చాటేసిన ఏడాది, ఎండిన శెనక్కాయ చేను గట్టున కూర్చుని కట్టిన పాట అది. నా ఛాతీ అదిరింది. గొంతు మండింది. మాట మాత్రం పెదవి దాటి రెండు జానలు కూడా పోలేదు.

గొంతుకు ఆపరేషన్ అయినప్పటి నుంచి నా స్వరం మారిపోయింది. ఆ పలక నన్ను గుర్తుపట్టలేదు. నా పాటకు నన్నే దొంగను చేసింది.

హెడ్మాస్టరు ఖాజాపీర్ సారు మెట్లెక్కి వచ్చాడు. ఆయన నన్ను అన్నా అంటాడు. తలపాగా చుట్టుకుని మా భజనలో ఆడిన మనిషి.

"ఓబులేసన్నా, దాన్ని చేసింది ఎవురో తెలుసా నీకు?"

"ఎవురు?"

"మన నాగవేణే."

* * *

నాగవేణి తప్పు చేసిందని నేను అనలేను. అది ఆ పలకను నా కోసమే చేసింది.

అది కాలేజీలో ఉన్నప్పటి మాట. అనంతపురం బస్టాండులో మేమిద్దరం టీ తాగుతుంటే, పైన వేలాడుతున్న టీవీలో నా పాట వచ్చింది. రాగం నాది, అడుగు నాది. మాటలు మాత్రం మబ్బు గురించి కాదు. ఆడపిల్ల నడుము గురించి. ఎవరో సినిమావాళ్ళు మా ఊరి జాతరలో రికార్డు చేసుకుపోయి, ఒక్క మాట అడక్కుండా అట్లా చేసుకున్నారు. పక్కన కూర్చున్నవాళ్ళు తాళం వేస్తున్నారు. నేను గ్లాసు కింద పెట్టేశాను.

నాగవేణి కళ్ళలో నీళ్ళు రాలేదు. "ఇంకోసారి నీ పాట ఎవురూ ఎత్తుకుపోకుండా చేస్తా చూడు నాయనా," అంది. అంతే.

అన్నమాట నిలబెట్టుకుంది. శబ్దాల చదువు చదివింది. అనంతపురంలో ఒక ప్రయోగశాలలో చేరింది. నా ఆపరేషన్‌కు ముందే నన్ను కూర్చోబెట్టి నా పాటలన్నీ పాడించుకుని, నా పేరు మీద హక్కు రాయించింది. ఆ పాటలే పలకకు మొదటి పాఠం. మొదటి పలకను స్టూడియోల్లో పెట్టారు, నేను కంటితో చూడలేదు. నా పాటను మళ్ళీ ఎత్తబోయిన ఒక సినిమాకు బొమ్మ ఆడింది గానీ పాట మోగలేదు. వాళ్ళు మా ఇంటికి వచ్చి, అడిగి, నా పేరు వేసుకుని వాడుకున్నారు. ఊరంతా నాకు పూలమాల వేసింది. నా కూతురు నా పాటకు తలుపు పెట్టిందని పొంగిపోయాను.

ఆ తలుపు తీసుకొచ్చి బడికి పెట్టారు. ఎక్కడో ఒక బడి మీద ఎవరో కేసు వేశారట. దాంతో బడులన్నీ భయపడి పలకలు తగిలించుకున్నాయి. మా బడిలో తెలుగు అమ్మగారు కొత్త కవి గేయం ఒకటి పాడబోతే అది మూగబోయింది. సైన్సు సారు గుండెకాయ బొమ్మ తెర మీద చూపించబోతే, తెరకు వేరేగా బిగించిన బొమ్మల పలక తెరను నల్లబరిచింది. జెరాక్సు మిషనుకూ అట్లాంటిదే ఒకటి పెడితే అది తెల్లకాగితాలు వదిలింది. పిల్లలకు మొదట్లో నవ్వులాట. తర్వాత తర్వాత వాళ్ళు పాడటమే మానేశారు. ఇంటర్వెల్లులో కూడా గుసగుసలు తప్ప వినబడేది కాదు.

నా భయం వేరు. నా గొంతులో ఇక రెండు చరణాలకే బలముంది. మా జట్టులో ఆడేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. చెక్కభజన ఒక్కడు ఆడేది కాదు. గుండ్రంగా మనుషులు కావాలి. ఈ పిల్లలు చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సులో వస్తారు, బడి వదలగానే అదే బస్సులో వెళ్ళిపోతారు. బడిలో తప్ప వాళ్ళు నాకు ఒకచోట దొరకరు. స్కూలు డే లోపల వీళ్ళకు ఎక్కితే పాట బతుకుతుంది. ఎక్కకపోతే నాతోనే పోతుంది.

* * *

ఆదివారం నాగవేణి ఇంటికి వచ్చింది. సంగటి ముద్ద కంచంలో పెట్టుకుని, ఊరిబిండి పచ్చడి వేసుకుని, ఇంకా నోట్లో పెట్టుకోలేదు. రోహిణి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అమ్మా, నీ మిషను తాతను దొంగ అంటాంది."

"అట్ల అనదు మే. అది పాటను కాపాడతాది."

"కాపాడితే వినబడాల గదా? పాతిపెడితే కాపాడినట్టా?"

నాగవేణి ముద్ద దించింది. "చూడు నాయనా నీ మనవరాలి నోరు."

"నీ నోరే మా దానికి వచ్చింది. తిను ముందు," అన్నాను.

తినలేదు. చెయ్యి కడుక్కుని, చెక్కలు తీసుకుని బడి దగ్గరికి నడిచింది. మేమూ వెనకే పోయాం. ఖాళీ స్టేజీ మీద నిలబడి అదే పాట ఎత్తింది. రోహిణిని చంకనేసుకుని నిద్రపుచ్చేటప్పుడు నాగవేణి పాడింది ఆ పాటే. వేరే జోల దానికి రాదు. పెదవులు కదిలాయి. నా కూతురి గొంతు నాకు వినబడలేదు. దాని బిడ్డకూ వినబడలేదు.

నాగవేణి మెట్ల మీద కూలబడింది.

"నీ పాటను పలకలోనించి తీసేస్తా నాయనా. రేపే తీసేస్తా."

"తీసేస్తే సినిమావోళ్ళు మళ్ళీ ఎత్తుకుపోతారు గదమ్మా?"

ఆ పలకకు రెండే తెలుసు. తాళం వేస్తే అందరికీ వేస్తుంది. తీస్తే అందరికీ తీస్తుంది.

ఖాజాపీర్ సారు ఇల్లు బడి పక్కనే. మమ్మల్ని చూసి ఆయనా వచ్చాడు. "నీ పాట ఒక్కటి తీసేస్తే సరిపోతాదా అన్నా? తెలుగమ్మ గేయానికి, సైన్సు సారు బొమ్మకు ఎవుర్ని అడగల్ల? అసలు అడగాల్సిన పనే లేదు. చట్టంలోనే ఉండాది. అయ్యవారు పాఠం కోసం చూపిస్తే దొంగతనం కాదు. బడిపిల్లోళ్ళు బడిలో, అమ్మానాయనల ముందర ఆడుకుంటే, పాడుకుంటే దొంగతనం కాదు. అదే పాటను అమ్ముకుంటే మాత్రం తప్పు. చట్టానికి తెలిసిన మాట నీ పలకకు ఎందుకు తెలీదు నాగవేణీ?"

"దానికి చెవులున్నాయి సార్. కండ్లు లేవు," అంది నాగవేణి. పలక వైపు వేలు చూపించింది. "పాట ఏందో తెలుస్తాది. ఎందుకు పాడతాండారో తెలీదు. తెలిసేటట్టు చేస్తా."

* * *

ప్రయోగశాల పెద్ద దినకర్. మంచి మనిషే, కాకపోతే తొందర. నాగవేణి వెంట పోయిన నన్ను కూడా కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"నాగవేణీ, ఎందుకు పాడుతున్నారన్నది మనసులో ఉండే సంగతి. మిషను మనసులో దూరలేదు. ఒక్కసారి సందు ఇస్తే ప్రతి దొంగా 'నేను పాఠం చెబుతున్నా' అంటాడు. మీ నాన్నగారి పాట మళ్ళీ రోడ్డున పడుతుంది."

"ఒక్క అవకాశం ఇవ్వండి సార్."

"మీ ఊరి స్కూల్ డే వరకు చూస్తాను. నేనే వస్తాను. అక్కడ పనిచేస్తే సరే. లేదంటే ఇప్పుడున్న పలకే రాష్ట్రంలో ప్రతి బడికీ పోతుంది. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

గాజుగదిలో పలకను పెట్టి, నాగవేణి దానికి మా రిహార్సళ్ళ వీడియోలు చూపించింది. ఇప్పుడు దానికి కళ్ళు కూడా అమర్చింది. నేర్చుకునేవాడు ఎట్లా ఉంటాడు? తడబడతాడు. ఆగుతాడు. పక్కవాడి కాలు తొక్కుతాడు, తిట్లు తింటాడు, మళ్ళీ మొదలుపెడతాడు. అమ్ముకునేవాడు తడబడడు. ఈ తేడా పలకకు నేర్పితే చాలని నాగవేణి అనుకుంది. నాకూ బాగుందనిపించింది.

కొత్త పలకను బడికి తెచ్చి బిగించింది. పిల్లలు ఆడారు. గల్లుమని మోగింది! తెలుగు అమ్మగారు క్లాసు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. రోహిణి ఎగిరి గంతేసింది. నేను ఉబ్బిపోయి, కాలు ఎక్కడ వెయ్యాలో, నడుము ఎక్కడ తిప్పాలో గట్టిగా పట్టుబట్టి నేర్పాను. రోజురోజుకూ పిల్లలకు అడుగు కుదిరింది. ఒకరోజు అందరి కాళ్ళూ ఒక్క కాలులాగా పడ్డాయి.

పడగానే చప్పుడు ఆగిపోయింది.

బిత్తరపోయి చూశాం. ఒకమ్మాయి చెక్క జారి అడుగు తప్పింది. వెంటనే మోగింది. సర్దుకుంది. మళ్ళీ ఆగింది.

రోహిణి కడుపు పట్టుకుని నవ్వింది. "తాతా, తప్పు ఆడితే మోగతాది, ఒప్పు ఆడితే ఆగతాది!"

పిల్లలు తెలివైనవాళ్ళు. మోగడం కోసం కావాలని తప్పులు ఆడటం మొదలుపెట్టారు. ఒకరు కుంటినట్టు, ఒకరు తాగినట్టు, ఒకరు తేలు కుట్టినట్టు.

"మీ మొహాలు మండ! ఇది చెక్కభజనా, కోతులాటా?" అని అరిచాను. వాళ్ళు ఇంకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తప్పుగా నేర్చుకుంటేనే మోగే పాట బతికినట్టా, చచ్చినట్టా? స్కూలు డే దగ్గరికొచ్చేసింది.

* * *

నాగవేణి పలకను అనంతపురం తీసుకుపోయి, ఏవేవో మార్చి, మళ్ళీ తెచ్చింది. ఏదీ కుదరలేదు. ఆ రోజు పెట్టె మోసుకుని బడి గేటు దగ్గరికి వచ్చేసరికి, పిల్లలు ఆటకు ముందు ఆడే ఆట ఆడుతున్నారు. అది నేను నేర్పిందే. మా గురువు తిప్పన్న కాలంలో ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి ఆడటానికి పోతే, పొలిమేరలో ఆ ఊరి పెద్ద వచ్చి వాళ్ళ చెక్కల మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. రెండు మాటలు అడిగేవాడు. జవాబు చెప్పేదాకా చెక్క మోగకూడదు. అది మా జట్ల కట్టుబాటు.

రోహిణి తలకు తువ్వాలు చుట్టుకుని ఊరిపెద్దలాగా గేటుకు అడ్డం నిలబడింది. వాళ్ళమ్మ వస్తే పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు! పాట ఎవురిది? ఆట ఎవురికి?"

"తప్పుకో మే, బరువుగా ఉండాది."

"చెప్తేనే దారి. పాట ఎవురిది? ఆట ఎవురికి?"

నాగవేణి విసుక్కోబోయి ఆగిపోయింది. "ఏమన్నావ్?"

"ఏముంది, తాత నేర్పిందే. నీకూ నేర్పింటాడు గదా."

నాగవేణి పెట్టెను అక్కడే నేల మీద దించింది. గేటు పక్కనే మట్టిలో కూర్చుంది.

"నాయనా, నన్ను భుజాన ఎక్కించుకొని పోయేవాడివి గుర్తుందా? పొలిమేరలో తిప్పన్న తాత ఏమని చెప్పేవాడు?"

"ఏముంది, 'పాట మాదే. ఆట మీ ఊరి పిల్లాజెల్లాకు' అనేవాడు. దారి ఇచ్చి, అన్నం పెట్టేవాళ్ళు. టిక్కెట్టు పెట్టే జాతర కాంట్రాక్టరు తీసుకుపోతే మాత్రం, పాట కట్టినవానికి తాంబూలం పంపినాకనే చెక్క ఎత్తల్ల. పాట అదే, అడుగు అదే. ఆట ఎవురికనేదే తేడా."

"నా పలకకు మొదటి మాట ఒక్కటే నేర్పినా నాయనా," అంది నాగవేణి మెల్లగా. "బస్టాండులో ఆ పాట విన్నప్పటి నించి నాకు అదొక్కటే గుర్తుండిపోయింది. పాట ఎవురిది, పాట ఎవురిది అని. రెండో మాట మర్చేపోయినా. నేనేమో పాడేవాని మనసులో ఏముందో, తప్పు ఆడతాండాడా ఒప్పు ఆడతాండాడా అని వెతుకుతాండా. పొలిమేర పెద్ద మనసులో దూరేవాడా? ఎవురు ఆడతారు, ఎవురు చూస్తారు, టిక్కెట్టు ఉందా లేదా... ఇంతే చూసేవాడు. కండ్లకు కనబడేదే!"

లేచి, బట్టలకు మట్టి అట్లాగే ఉండగా, రోహిణిని తువ్వాలతో సహా ఎత్తి గిరగిరా తిప్పింది.

"దించమ్మా! నేను పెద్దదాన్నయినా!" అని రోహిణి ఒకటే కేకలు.

* * *

స్కూలు డే వచ్చింది. షామియానా కింద ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మానాన్నలు కిక్కిరిసిపోయారు. దినకర్ ముందు వరసలో కూర్చున్నాడు. నాగవేణి కూర్చోలేదు, స్తంభం పక్కన నిలబడింది. కొత్త పలక స్టేజీ పైన ఉంది. దానికిప్పుడు ఆడేవాళ్ళు ఈ బడి పిల్లలు, వాళ్ళకు నేర్పేవాళ్ళేనా కాదా అని చూడటం వచ్చు. చూసేవాళ్ళు వాళ్ళ వాళ్ళేనా, గేటు దగ్గర టిక్కెట్టు పెట్టారా, పాట ఇక్కడి నుంచి బయటికి అమ్మకానికి పోతోందా అనేది చూడటం వచ్చు. చూసి మర్చిపోతుంది. ఎవరి మొహమూ దాచుకోదు. ప్రయోగశాలలో బొమ్మల మీద పనిచేసింది. ఇంతమంది మనుషుల మధ్య ఎప్పుడూ పరీక్షించలేదు.

పిల్లలు నడుముకు గుడ్డలు బిగించి, గజ్జెలు కట్టుకుని స్టేజీ ఎక్కారు. ఈ పిల్లలు తప్పు ఆడేవాళ్ళు కాదు ఇక. ఒప్పు ఆడితేనే ఆగిపోయిన పాట ఇది.

రోహిణి మధ్యలో నిలబడి చెయ్యి ఎత్తింది. పలక మీద ఎర్రదీపం వెలిగింది. రెప్ప వేసినట్టు ఆరింది. పచ్చదీపం వచ్చింది.

చెక్కకు చెక్క తగిలింది.

ఎన్నాళ్ళ నుంచో బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదిలినట్టు మోగింది. షామియానా గుడ్డ అదిరింది. గోడ మీది కాకి లేచిపోయింది. 'మబ్బో మబ్బో, మా గట్టు దాటి రా!' అని రోహిణి ఎత్తితే పిల్లలంతా అందుకున్నారు. అడుగు తప్పలేదు. ఒక్క కాలు తప్పలేదు. చప్పుడు ఆగలేదు. జనం ఈలలు వేశారు. తెలుగు అమ్మగారు చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఖాజాపీర్ సారు హెడ్మాస్టరునన్న సంగతి మరిచి పక్కవాళ్ళ భుజాల మీద తాళం వేస్తున్నాడు.

అప్పుడు వెనక వరసలో గొడవ మొదలైంది. ఎవరో పొడుగ్గా కర్రకు ఫోను బిగించుకుని వచ్చి కూర్చున్నాడు. ఫోనును తడుతున్నాడు, చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు, మళ్ళీ తడుతున్నాడు. ఖాజాపీర్ సారు పోయి పక్కన నిలబడ్డాడు.

"ఏమైందప్పా?"

"లైవ్ పెట్టినాను సార్, మా చానల్లో. బొమ్మ పోతాంది, సౌండు పోలేదు. ఫోను చెడిపోయినట్టుంది."

పక్కనే ఒక తల్లి తన ఫోనులో కొడుకు ఆట తీసుకుంటోంది. బస్సు డ్రైవరయిన మొగుడికి ఇంట్లో చూపించడానికట. దాంట్లో గజ్జె చప్పుడు కూడా బంగారంలా వినిపిస్తోంది. ఆ మనిషి దాని వంక, తన ఫోను వంక మార్చి మార్చి చూశాడు.

"నీ ఫోను భేషుగ్గా ఉండాది నాయనా," అన్నాడు సారు. "చానల్లో పాటకు ముందర ప్రకటనలు ఏస్తావు గదా? అదిగో, పాట కట్టినాయన ఆడ కూర్చోనుండాడు. పోయి అడుగు. అడిగితే మోగతాది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆ మనిషి సిగ్గుపడి కర్ర మడిచి పెట్టుకున్నాడు. దినకర్ కుర్చీలోంచి వెనక్కి తిరిగి ఇదంతా చూశాడు. పలకను చూశాడు. పచ్చదీపం పచ్చగానే ఉంది. అంతమంది చెవుల్లో పాట హోరెత్తుతుంటే, ఆ ఒక్క ఫోను మీదికి మాత్రమే ఎదురు చప్పుడు సూదిలాగా పోయింది.

ఆయన లేచి నాగవేణి దగ్గరికి నడిచాడు. "రాష్ట్రంలో ప్రతి బడికీ పోతుందన్నాను కదా. పోతుంది. ఇదే పోతుంది. పాతవన్నీ విప్పించేద్దాం." నాగవేణి స్తంభాన్ని గట్టిగా పట్టుకుని నవ్వింది.

ఇక చివరి చరణం మిగిలింది. మా చెక్కభజనలో చివరి చరణంలో, నేర్పిన గురువు పేరు చెప్పుకోవాలి. చెప్పకుండా చెక్క దించకూడదు. ఆ పాటను ఎక్కడ పాడినా నేను 'అడుగు నేర్పినోడు తిప్పన్న' అనే ముగించాను. పిల్లలకూ అట్లాగే నేర్పాను.

రోహిణి చెయ్యి ఎత్తి ఆట నిలిపింది. స్టేజీ అంచుకు వచ్చి, "తాతా, రా!" అని పిలిచింది. ఖాజాపీర్ సారు నన్ను రెక్క పట్టుకుని ఎక్కించాడు. చేతికి చెక్కలు ఇచ్చారు. నా చిరిగిపోయిన గొంతుతో, ఊపిరి కూడగట్టుకుని, 'అడుగు నేర్పినోడు తిప్పన్న' అని ఎత్తాను. బొంగురుగా, వంకరటింకరగా, నా గొంతు షామియానా చివరిదాకా పోయింది. నన్ను ఎవరూ ఆపలేదు.

పిల్లలు అందుకోవాలి. ఒక్క అడుగు వెనక్కి వేసి, నా వైపు తిరిగి, నేను నేర్పని మాట అందుకున్నారు.

'అడుగు నేర్పినోడు ఓబులేసు! మబ్బో మబ్బో, మా గట్టు దాటి రా!'

గట్టిగా పాడారు. చెక్కలు మోగాయి, గజ్జెలు మోగాయి, నా పేరు మోగింది. అడుగు వెయ్యడం నేనే మర్చిపోయాను.

"తాతా, తప్పుతాండావు! కాలు ఎత్తు!" అని అరిచింది రోహిణి.

ఎత్తాను.